ఐపీఏ ఎన్నాళ్లు బాగుంటుంది? డల్లాస్ నుంచి వచ్చిన టిన్నులు సంక్రాంతికి అట్టపెట్టె వాసన

మారతహళ్లి_మధు
మా బావ ఆగస్టు చివర్లో డల్లాస్ నుంచి వస్తూ నా కోసం నాలుగు టిన్నులు తెచ్చాడు. హేజీ ఐపీఏ, అంటే చూడ్డానికి మసకగా, పళ్ల వాసనతో ఉండే ఒక రకం బీరు, ఒక్కోటి 473 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపితే 1892. ఎయిర్‌పోర్టులో మనిషికి రెండు లీటర్లే కదా, లెక్క చూసుకుని మరీ తెచ్చాడు పాపం, పెట్టెలో చీరల మధ్య చుట్టి. వచ్చిన రెండో రోజే ఒకటి ఇద్దరం పంచుకున్నాం. టిన్ను తెరవగానే పక్కన ఎవరో మామిడిపండు కోస్తున్నట్టు వాసన. బీరు ఇలా కూడా ఉంటుందా అనిపించింది. ఇంకోటి ఇక్కడే బెంగళూరులో, హెచ్‌ఎస్ఆర్ లేఅవుట్‌లో ఉండే ఫ్రెండుకి ఇచ్చా. మిగతా రెండూ సంక్రాంతికి తమ్ముడు వస్తాడు, వాడితో తాగుదామని బీరువాలో బట్టల వెనక దాచా.

కనుమ రోజు తీశాం. గ్లాసులో పోస్తే రంగే వేరు. అప్పుడు బత్తాయి రసంలా ఉన్నది ఇప్పుడు మడ్డి తేరిన బెల్లం నీళ్లలా ఉంది. వాసన తడిసిన అట్టపెట్టెది, దాని వెనక కొంచెం తేనె. చేదు మాత్రం నాలుక మీద అట్లాగే పట్టుకుని ఉంది. తమ్ముడు ఒక గుక్క తాగి ఏమీ అనకుండా గ్లాసు పక్కన పెట్టేశాడు. రెండోది తీసినా అంతే.

టిన్ను అడుగున చూస్తే 08/03 అని ముద్ర ఉంది. అంటే మార్చి 8న ప్యాక్ చేసిన సరుకు. ఆ షాపువాడు బావకి ఐదు నెలల పాతది అంటగట్టాడన్నమాట. ఈ సంగతి బావకి చెప్పాలా వద్దా అన్నది ఒకటి. అసలు ఈ ఐపీఏలు ఎన్నాళ్లు ఉంటాయన్నది రెండోది. ఆల్కహాలు కదా, సీలు తీయకపోతే ఏమీ కాదనుకున్నా.

కడప_కుర్రోడు
బీరువాలో బీరు పెట్టినావా అన్నా. పేరు చూసి పెట్టినావా ఏంది.

గోదారి_గట్టు
ఆరు నెలలు ఉంటుంది. మన దగ్గర దొరికే చాలా సీసాల మీద అదే రాసి ఉంటుంది, ప్యాక్ చేసిన తేదీ నుంచి ఆరు నెలలు అని. మీది మార్చి సరుకైతే జనవరికి పది నెలలు. పాడవక ఏమవుతుంది.

వైట్‌ఫీల్డ్_వాణి
మధు గారూ, ఒక్క నిమిషం. అమెరికాలో తేదీ రాసేటప్పుడు నెల ముందు వస్తుంది. 08/03 అంటే ఆగస్టు 3. మీ బావ ఆగస్టు చివర్లో వచ్చారంటే ఆ టిన్నులకి అప్పటికి నెల వయసు కూడా లేదు. మీరే రాశారు కదా, మొదటిది మామిడిపండులా ఉందని. ఐదు నెలల పాత హేజీ అలా ఉండదు. షాపువాడి తప్పేమీ లేదు, మీ బావగారు మంచి సరుకే తెచ్చారు.

మారతహళ్లి_మధు
అయ్యో. ఇది నాకు తట్టనే లేదు. మరి అప్పుడు చెడిపోయింది నా బీరువాలోనేనా? కానీ మనది బెంగళూరు అండీ, విజయవాడ కాదు. సెప్టెంబరు నుంచి జనవరి దాకా నేను ఫ్యాన్ కూడా వెయ్యలేదు.

సెల్లార్_శీను
నేను ఇందిరానగర్ వైపు ఒక మైక్రోబ్రూవరీలో (అక్కడే బీరు కాచి అక్కడే అమ్మే చోటు) మూడేళ్లు సెల్లార్‌లో, అంటే బీరు పులిసే ట్యాంకుల దగ్గర పని చేశాను, ఇప్పుడు వేరే లైనులో ఉన్నాను. ఈ ప్రశ్న రోజూ వినేవాణ్ణి కాబట్టి కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

సీలు తీయకపోతే ఏమీ కాదు అన్నది ఆరోగ్యం వరకు సరే. హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) నుంచి వచ్చే చేదు, ఆల్కహాలు, పులుపు, ఇవన్నీ ఉన్న చోట మనిషికి జబ్బు చేసే క్రిములు బతకవు. ఏడాది పాతది తాగినా ఆసుపత్రికి వెళ్లరు. పోయేది వాసన. ఐపీఏకి డబ్బులు పెట్టేదే ఆ వాసన కోసం.

హాప్స్ రెండు పనులు చేస్తాయి. వోర్టుని, అంటే మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) నానబెట్టి తీసిన తీపి నీళ్లని మరగబెట్టేటప్పుడు వేస్తే చేదు దిగుతుంది. పులియడం అయ్యాక చల్లటి ట్యాంకులో మళ్లీ వేస్తే వాసన దిగుతుంది, దాన్ని డ్రై హాపింగ్ అంటాం. పప్పుచారు దించాక చివర్లో కొత్తిమీర వేస్తారు చూడండి, అదే పని. మరిగేటప్పుడే వేస్తే ఆ వాసన ఆవిరితో పోతుంది. చివర్లో వేసినా గిన్నె రాత్రంతా బయట ఉంటే పొద్దున్నకి ఉండదు. హాప్స్ నూనెలో మిర్సీన్ అని ఒకటుంది, మామిడిపండులో కూడా ఉంటుంది. లినలూల్ అని ఇంకోటి, మన ధనియాల వాసనలో ముఖ్యమైనది అదే. జామపండు వాసన ఇచ్చే థయాల్స్ అని వేరే ఉన్నాయి, అవి లీటరుకి నానోగ్రాముల్లో ఉన్నా ముక్కుకి తెలుస్తాయి. అంత తక్కువ ఉన్న వస్తువు కొంచెం తగ్గినా పెద్ద తేడా పడుతుంది.

దీనికి శత్రువులు మూడు. ఆక్సిజన్, వేడి, వెలుతురు. టిన్ను కాబట్టి మధుగారి దాంట్లో వెలుతురు లేదు. ఆక్సిజన్ ఎంత జాగ్రత్తగా నింపినా కాస్త లోపలికి వెళ్తుంది. మంచి బ్రూవరీలు టిన్ను మొత్తానికి బిలియన్‌లో 50 వంతుల లోపు ఉండాలని తాపత్రయపడతాయి. ట్యాంకులో, పైపుల్లో గాలి లేకుండా కార్బన్ డయాక్సైడ్ పట్టిస్తాం, మూత పడే ముందు నురగ పైకి వచ్చి గాలిని తోసేయాలి, నురగ మీదే మూత పడాలి. ఇంత చేసినా మిగిలిన ఆ కొంచెం ఆక్సిజన్ ఎంత తొందరగా పని చేస్తుందన్నది వేడిని బట్టి ఉంటుంది. పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపు అని లెక్క వేసుకోండి.

హేజీలో హాప్స్ విపరీతంగా వేస్తారు, ఓట్స్, గోధుమ కూడా ఎక్కువ. హాప్స్ నుంచి వాసనతో పాటు పాలీఫినాల్స్, మాంగనీసు కూడా దిగుతాయి, ఆక్సిజన్ దొరికితే ఇవి రంగు మారడాన్ని ఇంకా తొందర చేస్తాయి. మీరు చెప్పిన బెల్లం నీళ్ల రంగు, తేనె వాసన, నూటికి నూరు పాళ్లూ ఆక్సిడేషనే.

కడప_కుర్రోడు
కొత్తిమీర మాటతో అర్థమైపోయింది అన్నా. ఇంతకాలం ఎవురూ ఇట్ల చెప్పల్యా.

బీటీఎం_బాబాయ్
నాకొక సందేహం. ఐపీఏ అంటేనే ఇండియా పేల్ ఏల్. లండన్‌లో బో అనే చోట హాడ్జ్‌సన్ బ్రూవరీ నుంచి పీపాల్లో ఎక్కించి, ఆఫ్రికా చుట్టూ తిప్పి, నాలుగైదు నెలలు ఓడలో ఊపుకుంటూ కలకత్తాకీ మద్రాసుకీ పంపేవాళ్లు. అప్పటికి సూయజ్ కాలువ కూడా లేదు, అది తెరిచింది 1869లో. భూమధ్యరేఖ రెండుసార్లు దాటి వచ్చిన బీరు మద్రాసు ఎండలో దొరలు ఇష్టంగా తాగారు. మరి ఆ జాతి బీరు మధు బీరువాలో ఐదు నెలలు ఉండలేకపోయిందంటే నేను ఒప్పుకోను. టిన్నులోనే ఏదో లోపం ఉంది.

సెల్లార్_శీను
బాబాయ్ గారూ, చరిత్ర మీరు చెప్పినట్టే ఉంది. పేరు ఒకటే గానీ బీరు వేరు. ఆ రోజుల్లో వాళ్లు పంపింది అక్టోబరు ఏల్ లాంటిది, నిలవ చేసి తాగేది. చెక్క పీపాలో బ్రెట్టనోమైసిస్ అనే ఈస్టు బతికి ఉండి నెలల తరబడి పని చేస్తూ ఉండేది, అందులో మిగిలిన ఆక్సిజన్‌ని అదే తినేసేది. పీపాలో హాప్స్ వేసేవాళ్లు నిజమే, కానీ ఆ ఇంగ్లీషు హాప్స్‌కి మామిడిపండు వాసన రాదు. ఇప్పటి ఐపీఏల తీరు మొదలైంది అమెరికా హాప్స్‌తో. కాస్కేడ్ అనే రకం ఒరెగాన్‌లో 1972లో విడుదలైంది, సిట్రా, మొజాయిక్ ఇంకా చాలా తర్వాత వచ్చాయి. ఆ ఓడ బీరు ఆవకాయ లాంటిది, నిలవ పెట్టే లెక్కతోనే కలిపారు. ఇది మామిడికాయ పప్పు.

తెనాలి_తిలక్
మామిడికాయ పప్పు ఐదు నెలలు బీరువాలో పెట్టాడు మధు.

మారతహళ్లి_మధు
అర్థమైంది తిలక్ గారూ, అందరూ బీరువా మీద పడ్డారు. నిజంగా బాధగా ఉంది. ఆయన అంత దూరం నుంచి మోసుకొచ్చాడు, తమ్ముడికి మంచిది రుచి చూపిద్దామని నేనే దాచా. వాడు మళ్లీ గుంటూరు వెళ్లిపోయాడు కూడా.

వైట్‌ఫీల్డ్_వాణి
బాధపడకండి, మనందరం ఒకసారైనా చేసిన పనే. నాది గ్రౌలర్ కథ. 2020 లాక్‌డౌన్‌లో ఇక్కడి మైక్రోబ్రూవరీలకి పార్శిల్ ఇచ్చే అనుమతి వచ్చింది గుర్తుందా, అప్పుడు రెండు లీటర్ల సీసా ఒకటి తెచ్చుకున్నాం. ఆ రాత్రి ఒక్కో గ్లాసు తాగి, అబ్బ, దీన్ని వారమంతా పొదుపుగా తాగుదాం అనుకుని ఫ్రిజ్‌లో పెట్టాం. మర్నాటికి పర్వాలేదు. మూడో రోజుకి గ్యాస్ పోయి, వాసన పోయి, చల్లారిన టీ డికాషన్. కుళాయి నుంచి పట్టేటప్పుడే బోలెడు గాలి కలుస్తుందట, మూత తీసిన ప్రతిసారీ ఇంకొంచెం. అప్పటి నుంచి కుళాయి బీరు అక్కడే కూర్చుని తాగి రావడమే.

కడప_కుర్రోడు
మా వీధిలో కల్లు తెచ్చే ఆయన చెప్పేది ఇదే మేడమ్. పొద్దున దించింది పొద్దునే తాగాల, మధ్యాన్నానికి అది వేరే వస్తువు అని. దాని పేరే మారదు గానీ రుచి గంటకొకటి. బీరు వారాల్లో చేసే పని అది గంటల్లో చేస్తాది.

హెచ్‌ఎస్ఆర్_హరి
మధు చెప్పిన హెచ్‌ఎస్ఆర్ ఫ్రెండు నేను కాదు, ముందే చెప్తున్నా. కానీ రెండేళ్ల కింద మా ఇంట్లో ఒక పరీక్ష పెట్టాను, అది ఇక్కడ చెప్పాలి.

ఒకే కార్టన్‌లోంచి ఆరు టిన్నులు కొన్నా, ఒకే తేదీ, ఇక్కడ దొరికే ఐపీఏనే, హేజీ కాదు, తేటగా ఉండే రకం. మూడు ఫ్రిజ్‌లో అడుగు అరలో వెనక్కి నెట్టి పెట్టా. మూడు వంటింటి అటక మీద. ఏప్రిల్ రెండో వారం నుంచి మే చివరి దాకా, ఆరు వారాలు. ఆ ఎండలు మీకు తెలుసు, మాది పై అంతస్తు, స్లాబు రాత్రి పదింటికి కూడా చెయ్యి పెడితే వేడిగా ఉండేది. తర్వాత అటక మీదివి కూడా ఒక రోజంతా ఫ్రిజ్‌లో పెట్టి రెండు రకాలూ ఒకే చల్లదనానికి తెచ్చా. రంగు కనపడకుండా స్టీలు గ్లాసుల్లో పోసి, గ్లాసు కింద చిన్న కాగితం అంటించి, నలుగురు ఫ్రెండ్సుకి ఇచ్చా. ఏది ఏదో నేను కూడా చూడకుండా మా ఆవిడ చేత తిప్పించా.

నలుగురూ ఫ్రిజ్‌దే పట్టుకున్నారు. ఒకడు అటక మీదిది ‘వేరే బ్రాండు’ అని కచ్చితంగా వాదించాడు. మా ఆవిడ తాగదు, ఊరికే రెండు గ్లాసులూ ముక్కు దగ్గర పెట్టుకుని, ‘ఇది దోరజామకాయ, ఇది అద్దె పుస్తకాల షాపు’ అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను.

బెంగళూరు చల్లన అనుకోవడం బయట పార్కులో నిజం. బీరువా లోపల, అటక మీద అది వేరే ఊరు.

గోదారి_గట్టు
తేటగా ఉన్నదే ఆరు వారాలకి అలా అయితే లేబుల్ మీద ఆరు నెలలు ఎందుకు రాస్తారు?

సెల్లార్_శీను
లేబుల్ మీద తేదీ అన్ని బీర్లకీ కలిపి వేసే గీత లాంటిది. లాగర్‌కి, అంటే మన దగ్గర మామూలుగా దొరికే తేలికపాటి బీరుకి, ఆరు నెలలు సబబే, అందులో హాప్స్ వాసన మొదటి నుంచీ తక్కువ, పోవడానికి పెద్దగా ఏమీ లేదు. అది కూడా పాతబడితే కాగితం వాసన వస్తుంది, అదొక వేరే పదార్థం, ట్రాన్స్-2-నోనెనాల్ అంటారు. పాశ్చరైజ్ చేసిన, అంటే క్రిములు చచ్చేలా వేడి చేసిన బీరు ఎక్కువ కాలం ఉంటుందని కూడా కొందరు అంటారు. క్రిముల విషయంలో నిజం. ఆక్సిజన్ మీద దానికి ఏ పట్టూ లేదు.

ఇది పట్టించుకునే బ్రూవరీలు లేబుల్ మీదే చెప్తాయి. కాలిఫోర్నియాలో స్టోన్ బ్రూయింగ్ 2012లో ఒక ఐపీఏ మొదలుపెట్టింది, దాని పేరే ఈ తేదీ లోపు తాగండి అని. తాగాల్సిన తేదీని బీరు పేరంత పెద్దగా అచ్చు వేస్తారు, గడువు దాదాపు ఐదు వారాలు. అదే రాష్ట్రంలో రష్యన్ రివర్ వాళ్ల ప్లైనీ ది ఎల్డర్ లేబుల్ చుట్టూ కూడా దాచుకోవద్దు, తాజాగా తాగండి అనే రాసి ఉంటుంది. అంత పేరున్న బీరుని జనం దాచుకుంటారని వాళ్లకి తెలుసు.

బీటీఎం_బాబాయ్
ఓడ సంగతి ఒప్పుకుంటున్నా శీను, బాగా చెప్పావు. అయినా ఒక మాట. నాకు యాభై ఎనిమిది. ఈ పళ్ల వాసనలు నాకు పెద్దగా పట్టవు. మూడు నాలుగు నెలలు ఆగిన ఐపీఏలో వాసన తగ్గి మాల్టు పైకి వస్తుంది, కొంచెం కారమెల్, కొంచెం చేదు. పల్లీలు వేయించుకుని దాంతో తాగితే నాకు అదే హాయి. పాతది అనగానే పారబొయ్యాలని అందరూ అంటుంటే మాత్రం నేను ఒప్పుకోను.

సెల్లార్_శీను
అందులో తప్పేమీ లేదు బాబాయ్ గారూ. మీరు కావాలని చేస్తున్నారు, మీకు ఏం వస్తుందో తెలుసు. పైగా మీరు తాగేది మాల్టు గట్టిగా ఉన్న పాత పద్ధతి రకం అయి ఉంటుంది, అది మెల్లగా దిగుతుంది. హేజీలో వాసన తీసేస్తే కింద పట్టుకోవడానికి మాల్టు ఉండదు, అందుకే కూలిపోతుంది.

కడప_కుర్రోడు
షాపులోనే మొదలయితాది అసలు కథ. మా ఏరియాలో ఒక వైన్ షాపు ఉంది. ఫ్రిజ్ నిండా స్ట్రాంగ్ బీర్లే. ఈ కొత్త రకం సీసాలన్నీ అందంగా ఉంటాయని రోడ్డు వైపు అద్దాల అలమారాలో వరసగా నిలబెడతారు. సాయంత్రం నాలుగు నుంచి ఎండ నేరుగా వాటి మీదనే. నేను డేట్ అడిగితే ఆయన ‘ఎల్లా ఒందే సార్, డేట్ ఇదె’ అంటాడు, అన్నీ ఒకటే, డేట్ ఉంది అని కన్నడంలో. డేట్ ఉంది, నిజమే. ఎండలో ఎన్ని రోజులు నిలబడిందో దాంట్లో రాయరు కదా. ఇప్పుడు లోపల కార్టన్‌లోంచి ఇవ్వమని అడుగుతా. మొదట విసుక్కునేవాడు, ఇప్పుడు నన్ను చూస్తేనే లోపలికి పోతాడు.

వైట్‌ఫీల్డ్_వాణి
సీసా ఆకుపచ్చదా, గోధుమ రంగుదా?

కడప_కుర్రోడు
రెండూ ఉంటాయి మేడమ్. ఏం తేడా?

వైట్‌ఫీల్డ్_వాణి
చాలా తేడా. నేను పని చేసేది ఫుడ్ ల్యాబులో, బీరు మా పని కాదు గానీ ఈ కెమిస్ట్రీ అంటే ఇష్టం. చేదు ఇచ్చే ఐసో ఆల్ఫా ఆమ్లాల మీద నీలి రంగు వైపు వెలుతురు, అల్ట్రావయొలెట్ పడితే, బీరులో ఉండే రైబోఫ్లేవిన్, అదే బి2 విటమిన్, ఆ వెలుతురుని పట్టుకుని వాటిని విరగ్గొడుతుంది. విరిగిన ముక్క గంధకంతో కలిసి ఒక థయాల్ అవుతుంది. అమెరికాలో స్కంక్ అనే జంతువు బెదిరితే తోకెత్తి చిమ్మే కంపు ఇదే కుటుంబానికి చెందినది. మనకి ఆ జంతువు లేదు కాబట్టి రబ్బరు కాలినట్టు, ఉడికిపోయిన క్యాబేజీలా అనుకోండి. గోధుమ రంగు గాజు ఆ వెలుతురుని చాలావరకు ఆపుతుంది. ఆకుపచ్చది కొద్దిగానే, తెల్లది అసలు ఆపదు. నేరుగా ఎండలో అయితే నిమిషాల్లో మొదలవుతుంది. రూఫ్‌టాప్‌లో మధ్యాహ్నం గ్లాసు ముందు పెట్టుకుని కబుర్లు చెప్పుకునేవాళ్లు కూడా చూసుకోవాలి.

తెనాలి_తిలక్
ఓహో. చర్చి స్ట్రీట్ దగ్గర ఒక టెర్రస్ మీద మొదటి గుక్క బాగుండి చివరి గుక్క కంపు కొట్టింది, గ్లాసు సరిగా కడగలేదని వెయిటర్ మీద గొడవ పెట్టుకున్నా. ఈసారి వెళ్తే ఆ అబ్బాయికి సారీ చెప్పాలి.

గోదారి_గట్టు
సరే, వేడి గురించి ఏదైనా గుర్తుపెట్టుకునే లెక్క ఉందా? ఒకరు ఆరు వారాలు, ఒకరు మూడు రోజులు అంటున్నారు.

సెల్లార్_శీను
అమెరికా బ్రూవరీలవాళ్లు 3-30-300 అని ఒక బండగుర్తు చెప్పుకుంటారు. 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు, ఈ మూడింట్లోనూ బీరు ఒకే అంత ముసలిదవుతుంది అని. ఇది కొలిచిన సూత్రం కాదు, అన్ని రకాలకీ ఒకేలా సరిపోదు, హేజీకి ఫ్రిజ్‌లో 300 రోజులు అనుకుంటే మోసపోతాం. కానీ కళ్లు తెరిపిస్తుంది. మధు బీరువా 25 డిగ్రీలు అనుకుందాం, ఐదు నెలలు. ఆ లెక్కలో అది ముసలితనం దాటి పోయింది.

నా అనుభవంలో హేజీ అయితే ప్యాక్ చేసిన రోజు నుంచి ఫ్రిజ్ వదలకుండా ఉంచితే నాలుగు నుంచి ఆరు వారాలు బ్రహ్మాండం, మూడు నెలల దాకా తాగొచ్చు. తేటగా ఉండే వెస్ట్ కోస్ట్ రకం రెండు మూడు నెలలు ధైర్యంగా. డబుల్ ఐపీఏలో ఆల్కహాలు ఎక్కువ కదా నిలుస్తుంది అనుకుంటారు, ఆల్కహాలు వాసనని కాపాడదు. నిలవ పెట్టాలని మోజు ఉంటే ఇంపీరియల్ స్టౌట్, బార్లీవైన్ లాంటి ఘాటైన, మాల్టు ఎక్కువ ఉన్న బీర్లు కొనండి, అవి ఏళ్లు ఆగినా కొత్త రుచులు వస్తాయి.

తేదీ ముఖ్యమా, చల్లదనం ముఖ్యమా అని అడిగితే నేను చల్లదనం అంటా. రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉన్నది, రెండు వారాలు ఎండ తగిలే గోడౌన్‌లో ఉన్నది, రెండూ ఇస్తే మొదటిది తీసుకుంటా.

హెచ్‌ఎస్ఆర్_హరి
నేను తేదీ వైపు శీను గారూ. చల్లదనం ఎవరు చూశారు? తేదీ కనీసం టిన్ను మీద ఉంటుంది. గోడౌన్‌లో ఎన్నాళ్లుందో, లారీలో ఎలా వచ్చిందో నాకు తెలిసే దారి లేదు. అందుకే నెలన్నర దాటితే ఐపీఏ ముట్టుకోను.

సెల్లార్_శీను
అదీ న్యాయమే. కొనేవాడి చేతిలో ఉన్నది తేదీ ఒక్కటే.

తెనాలి_తిలక్
ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టి మళ్లీ ఫ్రిజ్‌లో పెడితే పాడైపోతుందంటారు, నిజమేనా? మా ఇంట్లో దీపావళికి స్వీట్ల కోసం బీర్లన్నీ బయటికి వచ్చేస్తాయి.

సెల్లార్_శీను
ఒకసారి అటూ ఇటూ అయినందుకు ఏమీ కాదు. మొత్తం ఎన్ని గంటలు వెచ్చగా ఉంది అన్నదే లెక్క. రెండు రోజులు బయట ఉంటే రెండు రోజుల నష్టం, అంతే. కానీ తొందరగా చల్లబడాలని ఫ్రీజర్‌లో పెట్టి మర్చిపోవద్దు. సున్నాకి రెండు మూడు డిగ్రీలు కిందకి పోతే గడ్డకట్టి టిన్ను ఉబ్బుతుంది, పగిలితే ఆ వారమంతా మీ ఇంట్లో ఐస్‌క్రీమ్ కూడా హాప్స్ వాసనే. టిన్నుల్ని నిలబెట్టి ఉంచండి, తలుపు అరలో కాకుండా లోపల వెనక వైపు. తలుపు తీసినప్పుడల్లా వెచ్చబడేది ఆ అరే.

గోదారి_గట్టు
పాడైన దాన్ని ఏం చేయాలి? కూరలో పోయొచ్చా?

వైట్‌ఫీల్డ్_వాణి
కూరలో వద్దు, మరిగి దగ్గరపడేకొద్దీ చేదు పెరుగుతుంది. శనగపిండిలో నీళ్ల బదులు కొంచెం కలిపి మిరపకాయ బజ్జీలు వేయండి, గ్యాస్ వల్ల పైన కరకరలాడుతుంది. అది కూడా వేరే బీరుతో ఇంకా బాగుంటుంది. లేకపోతే తలస్నానం తర్వాత జుట్టుకి పట్టించండి, మా అత్తయ్య ఎప్పటినుంచో చేస్తారు.

మారతహళ్లి_మధు
అందరికీ ఒక సంగతి చెప్పాలి. పైన రాశా కదా, ఒక టిన్ను హెచ్‌ఎస్ఆర్ ఫ్రెండుకి ఇచ్చానని. వాణి గారు తేదీ విప్పి చెప్పాక నిద్ర పట్టలేదు. వాడు పెద్దగా తాగడు, అడిగితే ‘అది ఇంకా అట్లాగే ఉందిరా’ అన్నాడు. ఎక్కడ అంటే ఫ్రిజ్‌లో. ఆగస్టు నుంచి. దోసెపిండి గిన్నె వెనక. నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో గంటంబావు కూర్చుని వెళ్లా.

అడుగున అదే 08/03. అదే బ్యాచ్, అదే ఐదున్నర నెలలు. గాజు గ్లాసులో పోశా. రంగు ఆగస్టులో ఉన్నంత లేతగా లేదు, కొంచెం ముదిరింది, కానీ బత్తాయి రసమే, బెల్లం నీళ్లు కాదు. నురగ వేలెడు నిలిచింది. వాసన కోసం ఆగా. మామిడిపండు లేదు. మొదట ఏమీ లేదనిపించింది. రెండు నిమిషాలు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని కొంచెం వెచ్చబడ్డాక నారింజ తొక్క వచ్చింది, చాలా సన్నగా, దాని వెనక ధనియాల్లాంటిది ఏదో. శీను గారు చెప్పి ఉండకపోతే అది ధనియాలని గుర్తుపట్టేవాణ్ణి కాదు. అట్టపెట్టె వాసన ఎక్కడా లేదు. తాజాదానికి సగం కూడా కాదు, అయినా గ్లాసు ఖాళీ చేశాం, మా వాడు కూడా.

అక్కడి నుంచే బావకి వీడియో కాల్ చేసి మొత్తం చెప్పా. తేదీ తప్పు చదివి ఆ షాపువాణ్ణి తిట్టుకున్న సంగతి కూడా చెప్పా. ఆయన టిన్నులు కొన్నాక ప్రయాణం దాకా ఫ్రిజ్‌లోనే ఉంచాడట, రాత్రి పెట్టె సర్దేటప్పుడు చివర్లో తీశాడట. అంత చూసుకుని తెస్తే నేను బట్టల మధ్య పెట్టా. జూన్‌లో మళ్లీ వస్తున్నాడు, ఈసారి కూడా నాలుగు తేవాలా అన్నాడు. రెండు చాలు, వచ్చిన వారంలోనే తమ్ముణ్ణి గుంటూరు నుంచి రప్పిస్తా అన్నా.

బీటీఎం_బాబాయ్
మూడోది కూడా తెమ్మను మధూ. దాన్ని నా దగ్గర పెట్టు, అక్టోబరులో పల్లీలతో నేను తాగి ఎలా ఉందో ఇక్కడే రాస్తా. ఫ్రిజ్‌లోనే పెడతాలే.

కడప_కుర్రోడు
జూన్‌లో ఏ తారీఖు దిగుతాడో చెప్పు అన్నా. నెల పేరు అక్షరాల్లో రాయి.